వీధి వైపు తిరిగి నిలబడ్డ అల్లుడు

మా అల్లుడి ఉద్యోగం ఏమిటని ఎవరైనా అడిగితే చాలాకాలం మాట మార్చేదాన్ని. ఆసుపత్రిలో అని చెప్పి ఊరుకుందామంటే ఊరుకోనిస్తారా. డాక్టరా అంటారు. కాదు. మందులిచ్చే పనా అంటారు. అదీ కాదు. మరింకేమిటని తవ్వితవ్వి అడిగితే, పొట్ట కోయించుకుని వెళ్లినవాళ్లకి ఫోను చేసి బతికున్నారా పోయారా అని అడిగే పని అని చెప్పి అక్కడి నుంచి లేచేదాన్ని. చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందులో ఇంకేముందో అప్పటికి నాకు తెలియదు. తెలిశాక ఈ నాలుగు ముక్కలూ రాయకుండా ఉండలేకపోయాను. నాలుగో తరగతితో ఆగిన చదువు నాది. రాత వంకరగా ఉంటే ఉంటుంది, విషయంలో వంకర లేదు.

ఆసుపత్రికి రాకముందు అతను నీటి మీటర్లు చూసేవాడు. సంచి భుజాన వేసుకుని ఇంటింటికీ తిరిగి, మీటరు గుంట మూత ఎత్తి, అంకె రాసుకుని వెళ్లాలి. తాళం వేసిన ఇల్లు తగిలితే పోయిన నెల అంకె చూసి అందాజుగా ఒకటి వేసేసి పోయేవాళ్లే అందరూ. ఇతను వేసేవాడు కాదు. మర్నాడు వెళ్లేవాడు, ఆ మర్నాడూ వెళ్లేవాడు. అద్దం మీద మట్టి ఉంటే చేతిరుమాలు తీసి తుడిచి, వంగి, చూపుడువేలితో ఒక్కొక్క అంకె తాకుతూ చదివేవాడు. మా ఇంటికి మొదటిసారి వచ్చిన రోజున మా అమ్మాయి మొహం కంటే మా మీటరు మొహమే ఎక్కువసేపు చూశాడని మా ఆయన బతికున్నన్నాళ్లూ నవ్వుతూనే ఉండేవాడు. అంత జాగ్రత్త మనిషీ ఒకనాడు మూత లేని గుంటలో కాలు పెట్టి మడమ విరగ్గొట్టుకున్నాడు. ఎముక అతుక్కుంది గానీ కుంటు మిగిలింది. తిరిగే ఉద్యోగం పోయి కూర్చునే ఉద్యోగం వచ్చింది.

ఆ కూర్చునే గది నేను తర్వాత చూశాను. క్యాన్సర్ వార్డు వెనక, పాత ఎక్స్‌రేలు అట్టపెట్టెల్లో పేర్చిన గది. అందులో ఒక మూల బల్ల, బల్ల మీద ఫోను, పొడుగాటి రిజిస్టరు, రెండు నీలం కలాలు. కిటికీలోంచి దుప్పట్లు ఉతికే పెరడు కనిపిస్తుంది. రిజిస్టరులో పేర్లుండవు, అంకెలే. ఒక్కొక్కరికి ఒక్కొక్క వరస. ఆపరేషనయిన ముప్పయ్యో రోజున ఒకసారి, ఆరు నెలలకి ఒకసారి, ఆ తర్వాత ఏడాదికోసారి అయిదేళ్లదాకా, ఒక్కొక్కరినీ పట్టుకుని ఎలా ఉన్నారో కనుక్కోవాలి. ఫోను మారితే చుట్టాల్ని పట్టుకోవాలి, ఊరు మారితే పక్కింటివాళ్లని పట్టుకోవాలి. మనిషి పోతే ఏ తేదీన పోయాడో అడిగి రాయాలి. తప్పు రాస్తే చెరపకూడదట. ఒకే ఒక్క గీత కొట్టి, పక్కన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలట. కొట్టేసిన మాట కూడా రేపు ఎవరైనా చదువుకునేట్టు ఉండాలట. నర్సులు అతనికి వాకబు అని పేరు పెట్టారు. వాకబుగారు ఇంకా భోజనానికి వెళ్లలేదు, వాకబుగారికి ఆ ముప్పై రెండో నంబరు దొరికాడట, ఇలా.

ఇంతకీ ఈ వాకబంతా ఎందుకయ్యా అంటే, ఒక గొట్టం కోసం.

పెద్దపేగులో క్యాన్సర్ వస్తే ఆ ముక్క కోసేసి, రెండు కొసలూ కలిపి కుడతారు. కుట్టాక పొట్ట పక్కన చిన్న బెజ్జం చేసి, లోపలికో రబ్బరు గొట్టం పెట్టి, దాని రెండో కొస మంచానికి కట్టిన సీసాలో వదులుతారు. లోపల చెడు నీరు ఊరితే బయటికి వచ్చేస్తుందని, కుట్టు కారితే ముందే తెలుస్తుందని. అక్కడి పెద్ద డాక్టరు ముప్పై ఒక్క ఏళ్లుగా ప్రతి మనిషికీ పెడుతున్నాడు. ఆయన గురువూ పెట్టాడు. ఒకనాడు ఆయన దగ్గర పనిచేసే చిన్న డాక్టరమ్మ ఒక ప్రశ్న వేసింది. ఇది మేలు చేస్తోందని పెడుతున్నామా, అలవాటై పెడుతున్నామా అని. మరొకాయనైతే కోపం తెచ్చుకునేవాడు. ఈయన మాత్రం, నాకు తెలియదు, లెక్కపెట్టి చూడు అన్నాడట. రెండు వందల నలభై మంది. సగంమందికి గొట్టం పెట్టాలి, సగంమందికి పెట్టకూడదు. ఎవరికి పెట్టాలన్నది ఎవరి ఇష్టమూ కాదు. పేగు కుట్టడం పూర్తయ్యాక, అక్కడికక్కడ, పెట్టాలో వద్దో లోపల రాసి అంటించిన కవరొకటి చింపి చూస్తారు. ఆ తర్వాత ఎవరి గాయం చీము పట్టింది, ఎవరి కుట్టు కారింది, ఎవరు లేచి తిరిగారు అన్నది మా అల్లుడు కనుక్కుని రాయాలి. ఆ గొట్టం ఉండాలా పోవాలా అన్నది ఈ కుంటి మనిషి రిజిస్టరు మీద ఆగి ఉంది.

అన్నిటికంటే వింతైన నియమం ఇంకొకటి. ఎవరికి గొట్టం పెట్టారో మా అల్లుడికి తెలియకూడదు. తెలిస్తే మనసు ఒకవైపు మొగ్గుతుందట, ఒకళ్లని గుచ్చి అడిగి ఇంకొకళ్లని వదిలేస్తాడట. ఫోనులో ఎవరైనా గొట్టం ఊసెత్తితే, ఆ సంగతి నాకు చెప్పకండమ్మా అని మాట తుంచేసేవాడు.

ఈ నియమాలన్నీ నాకు ఇప్పుడు తెలిసినవి. అప్పట్లో తెలిసిందల్లా నా కడుపులో గడ్డ ఉందని. అది పెద్దపేగు క్యాన్సర్ అని తేలి, అదే ఆసుపత్రిలో, అదే పెద్ద డాక్టరు చేతిలో పడ్డాను. చిన్న డాక్టరమ్మ కాగితాలు పట్టుకొచ్చి నా మంచం మీద కూర్చుని అంతా విడమరిచి చెప్పింది. గొట్టం పెట్టడం మంచిదో పెట్టకపోవడం మంచిదో మాకు తెలియదు, మీకిష్టమైతేనే ఈ లెక్కలో చేరండి అంది. అరవై ఎనిమిదేళ్లు వచ్చాయి, తెలియదు అన్న డాక్టరుని నేను అంతవరకు చూడలేదు. అయినా ఆ పిల్ల కళ్లలోకి చూసి, తెలియనిది తెలియదని చెప్పే మనిషి తెలిసినదాంట్లో మోసం చెయ్యదనిపించి సంతకం పెట్టాను. నాది నూట ఎనభై ఏడో నంబరు. కవరు చింపితే నాకు గొట్టం వచ్చింది.

ఆపరేషనయ్యాక పదకొండు రోజులు ఆ మంచం మీద ఉన్నాను. రానివాళ్లు లేరు. మా ఆడపడుచు వచ్చింది, ఎదురింటావిడ వచ్చింది, పదేళ్ల నుంచి మాటల్లేని మా తోడికోడలు కూడా వచ్చింది. అల్లుడు మాత్రం రాలేదు. పని చేసేది అదే ఆసుపత్రిలో, ఆ వార్డు వెనకాలే. రోజూ పొద్దున, సాయంత్రం, వసారాలో కుంటికాలి చప్పుడు వార్డు తలుపు దాకా వచ్చేది. అక్కడ ఆగేది. మా అమ్మాయి చేతికి ఫ్లాస్కు మారేది. చప్పుడు వెనక్కి పోయేది. అడిగితే మా అమ్మాయి, ఏదో రూలుందట అమ్మా, నన్నేమీ అడక్కు అని నోరు కుట్టేసుకుంది. అత్తగారు చావుబతుకుల్లో ఉంటే మొహం చూపించకూడదని ఏ రూలు చెబుతుంది. నేను చెవిన పెట్టలేదు. ఇన్నాళ్లూ అతని ఉద్యోగం గురించి నేనన్న మాటలన్నీ మనసులో పెట్టుకుని తీర్చుకుంటున్నాడనుకున్నాను. నాకు ముక్కు మీదే కోపం, అది దిగి కిందికి రాదు.

ఇంటికి వచ్చాను. మేమంతా ఒకే ఇంట్లో ఉంటాం, నాది వెనక గది. వచ్చిన పదో రోజున, గొట్టం తీసేసిన చోట ఎర్రబడి, తడి మొదలైంది. మర్నాటికి చీము. మా అమ్మాయికి చెప్పలేదు. చెబితే మొగుడికి చెబుతుంది. కడుపు చించుకుంటే కాళ్ల మీద పడుతుందంటారు, నా కడుపు ఇప్పటికే చించారు, ఇంక ఈ పరువు కూడా పడనివ్వదలుచుకోలేదు. పాత నూలుచీర చింపి గుడ్డలు చేసుకుని కట్టుకున్నాను. ఉతికి, డాబా మీద దుప్పటి వెనకాల ఆరేసుకున్నాను.

ముప్పయ్యో రోజు వచ్చింది. ఆ పొద్దున ఒకే వంటింట్లో, ఎదురెదురుగా కూర్చుని టిఫిను తిన్నాం. అతను ఆసుపత్రికి వెళ్లాడు. పది గంటలకి నా ఫోను మోగింది.

"నమస్కారమండీ. ఆసుపత్రి నుంచి మాట్లాడుతున్నాను. మీ ఆపరేషనయి ఇవాళ్టికి ముప్పై రోజులు. ఎలా ఉన్నారు?"

"బాగానే ఉన్నాను."

"గాయం దగ్గర ఇబ్బంది ఏమన్నా ఉందా అండీ?"

"ఏమీ లేదు."

"భోజనం చేయగలుగుతున్నారా?"

"మీ ఇంట్లోనేగా తింటున్నాను బాబూ, మీకు తెలియదా."

అదే గొంతుతో, అది రాసుకోవడానికి వీల్లేదండీ, చేస్తున్నారా లేదా చెప్పండి అన్నాడు. చేస్తున్నానని చెప్పి పెట్టేశాను. ఆ రిజిస్టరులో నా వరసకి ఎదురుగా ఇబ్బంది లేదు అని రాసుకున్నాడు. రెండు వందల నలభైలో చివరి యాభై మందివి తప్ప అప్పటికి ముప్పయ్యో రోజు ఫోనులన్నీ అయిపోయాయి. అవి కూడా మరో అయిదారు నెలల్లో పూర్తవుతాయని, ఆ లెక్క పట్టుకుని పెద్ద డాక్టరు దేశదేశాల డాక్టర్లు కూర్చునే సభకి వెళ్లి చదువుతాడని, అక్కడ పేరు కూడా ఇచ్చేశారని మా అమ్మాయి మురిసిపోతూ చెప్పింది.

ఆ ఫోను వచ్చిన మూడో రోజున నీళ్ల ట్యాంకు పొంగుతోందని మా అల్లుడు డాబా ఎక్కాడు. గాలికి దుప్పటి పక్కకి జరిగిందేమో. దిగి వచ్చి నా గది గుమ్మంలో నిలబడ్డాడు.

"అత్తయ్యగారూ, డాబా మీద ఆరు గుడ్డలున్నాయి. ఎన్నాళ్ల నుంచి?"

గుడ్డలు లెక్కపెట్టే పని కూడా మీకే ఇచ్చారా అన్నాను. మళ్లీ, ఎన్నాళ్ల నుంచి, అన్నాడు. నోట్లో నాలుక లేని మనిషి రెండుసార్లు అడిగేసరికి నాకు ఒళ్లు మండింది.

"పదకొండు రోజులు మంచాన పడుంటే గడప తొక్కని మనిషికి ఇప్పుడు నా గుడ్డలతో పనేమిటి? ఆ గొట్టం తీసిన చోటే పుండైంది. చాలా? రాసుకోండి."

అతను రెండు చేతులూ చెవుల మీద పెట్టుకున్నాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. అలాగే మెల్లగా గుమ్మంలో చతికిలపడ్డాడు. అతను అంతసేపు మాట్లాడటం నేను అప్పుడే విన్నాను. గొట్టం పెట్టినవాళ్లెవరో పెట్టనివాళ్లెవరో చూడకూడదని, మంచం దగ్గరికి వస్తే సీసా కనిపిస్తుందని, అందుకే ఏ నంబరు మనిషినీ వార్డులో చూడడానికి వెళ్లడని చెప్పాడు. చివర్న తల దించుకుని అన్నాడు.

"తలుపు దాకా వచ్చేవాణ్ణి అత్తయ్యగారూ. రోజూ రెండుసార్లు వచ్చేవాణ్ణి."

ఆ చప్పుడు నేను విన్నదే.

గంటలో నన్ను ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్లారు. చిన్న డాక్టరమ్మ పుండు విప్పి కడిగింది. ఇంకో వారం దాచి ఉంటే చీము లోపలికి దిగి ఉండేదట. ఆ తర్వాత జరిగింది నాకు కట్టు కడుతూ ఆ డాక్టరమ్మే చెప్పింది. మర్నాడు పొద్దున్నే మా అల్లుడు రిజిస్టరు చంకలో పెట్టుకుని ఆమె గదికి వెళ్లాడట. నా వరసలో ఇబ్బంది లేదు అన్న మాట మీద ఒక్క గీత. పక్కన చీము పట్టింది అని. దాని పక్కన, ఈ మనిషికి గొట్టం ఉన్న సంగతి నాకు తెలిసిపోయింది, ఈ వరస వేరేవాళ్లు చూడాలి అని. సంతకం, తేదీ.

అంతటితో ఊరుకున్నా ఎవరూ ఏమీ అనేవాళ్లు కాదు. అతను ఊరుకోలేదు. నా లెక్కంతా తప్పమ్మా అన్నాడట. నిక్షేపంలా మూడేళ్లు రాసుకున్న లెక్క. ఇద్దరూ కలిసి పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లారు. ఆయన సభకి చదవబోయే కాగితం బల్ల మీదే ఉంది. అప్పటిదాకా వచ్చిన అంకెల ప్రకారం గొట్టం ఉన్నా లేకున్నా మొత్తం మీద గాయం చెడినవాళ్లు ఇరవై మంది కూడా లేరు, కాబట్టి అలవాటు మార్చుకోనక్కర్లేదని అందులో రాసి ఉంది.

"ఒక్కావిడ అబద్ధం చెప్పిందని అందరినీ అనుమానిస్తామా?" అన్నాడట పెద్ద డాక్టరు.

"ఆ ఒక్కావిడా మా అత్తగారండి. నాతో ఒకే ఇంట్లో ఉంటూ, ఒకే వంటింట్లో తింటూ చెప్పలేదు. మొహం తెలియనివాళ్లు ఫోనులో చెబుతారా?"

పెద్ద డాక్టరు ఆ కాగితం మడిచి సొరుగులో పెట్టాడు. సభకి రావడం లేదని రాసేయమన్నాడు. మళ్లీ అడిగి రండి అన్నాడు.

అయితే ఎలా అడగాలి? అక్కడే నాకు నా జన్మలో జరగని మర్యాద జరిగింది. వారం తర్వాత కట్టు మార్పించుకోవడానికి వెళితే, అంత చదువుకున్న డాక్టరమ్మా, మా అల్లుడూ నా ఎదురుగా రెండు స్టూళ్లు వేసుకుని కూర్చున్నారు. దాచింది మీరు, ఎలా అడిగి ఉంటే చెప్పేవారు అని అడిగారు. నేను చెప్పాను. ఎలా ఉన్నారని అడిగితే ఎవరైనా బాగున్నామనే అంటారు, అది జవాబు కాదు, మర్యాద. పైగా పొట్ట కోసి ప్రాణం నిలబెట్టిన డాక్టరు మనుషులు అడుగుతుంటే, మీ పని చెడిందని ఏ మొహం పెట్టుకుని చెబుతారు. కాబట్టి, ఎలా ఉన్నారని అడక్కండి. ఎన్ని గుడ్డలు మార్చారని అడగండి. ఏ చొక్కా, ఏ చీర పాడైందని అడగండి. పక్క వీధి కాంపౌండరు దగ్గరికి ఎన్నిసార్లు వెళ్లారని అడగండి. నేను చెబుతుంటే డాక్టరమ్మ కాగితం మీద గబగబా రాసుకుంది. నా మాట ఒక డాక్టరు రాసుకోవడం చూసి, ఇంకా ఏమైనా ఉందా అని నా బుర్రంతా వెతుక్కున్నాను.

ఆ తర్వాత అయిదు నెలలు ఇంటింటి తిరుగుడు. విరిగిన మడమతో, మళ్లీ సంచి భుజాన వేసుకుని. మాటని నమ్మి మోసపోయాం కనుక మచ్చ చూడాలి, మందుల చీటీలు చూడాలి. అయితే మచ్చ చూస్తే గొట్టం బెజ్జం కూడా కనిపిస్తుంది. అందుకని వెంట ఒక నర్సమ్మ. ఆమె లోపలికి వెళ్లి చూసేది. మా అల్లుడు గుమ్మం బయట, ఇంటికి వీపు పెట్టి, వీధి వైపు తిరిగి, రిజిస్టరు తెరిచి పట్టుకుని నిలబడేవాడు. లోపలినుంచి ఆమె ఉంది అనో లేదు అనో, ఎన్ని రోజులు అనో మాత్రమే చెప్పేది. ఆడవాళ్ల ఇళ్లకి పదకొండు చోట్లకి నేనూ వెళ్లాను. ముందు నా పొట్ట నేను చూపిస్తే వాళ్లకి సిగ్గు తీరేది.

కుట్టుమిషను పెట్టుకున్న ఒకామె ఉంది. ఒకటే గది. గదిలో సగం మిషను, సగం మంచం, దండెం నిండా ఊళ్లోవాళ్ల రవికలు. ఫోనులో ఇబ్బంది లేదన్న మనిషి. గుడ్డలెన్ని అనగానే మంచం కిందనుంచి సంచి లాగింది. కత్తిరించగా మిగిలిన ముక్కలన్నిటినీ దొంతులుగా మడిచి పెట్టుకుంది, గాయానికి కట్టుకోవడానికి. పూలగుడ్డ, గళ్లగుడ్డ, పట్టుముక్క. ఇరవై ఆరు రోజులు, రోజుకి మూడు. మీకెందుకు చెప్పలేదంటే, ఆ అడిగే బాబు గొంతు అంత మెత్తగా ఉంటే బాధపెట్టబుద్ధి కాలేదు అంది. మా అల్లుడు గుమ్మం బయట వింటున్నాడు. అతని వీపు ఒకసారి కదిలింది. కలం ఆగలేదు.

తాళాలు బాగుచేసే ఆయన దుకాణం ఒక మెట్ల సందులో ఉంది. ఆయన పుండు నలభై రోజులు మానలేదు. పెద్ద డాక్టరు చేతి పనికి మాట రాకూడదని నోరు మూసుకున్నాడట. లెక్కల మాస్టారు ఒకాయన మూడో అంతస్తులో ఉంటాడు. ఆయన రోజువారీ పుస్తకంలో జ్వరంతో సహా అన్నీ రాసి పెట్టుకున్నాడు. మరి ఫోనులో చెప్పలేదేమండీ అని నర్సమ్మ అడిగితే, ఎలా ఉన్నారని అడిగారు, దానికి జవాబు రాశాను, అడగని ప్రశ్నకి మార్కులుండవుగా అన్నాడట.

పోయినవాళ్ల ఇళ్లకి కూడా వెళ్లారు. ఒక ఇంట్లో భార్య గడప మీద కూర్చుని గంటసేపు మాట్లాడింది. మా అల్లుడు రాసింది ఒక్క తేదీ. ఒక్క తేదీ రాయడానికి గంటసేపు అక్కడ నిలబడ్డాడు. నలుగురు ఎంత వెతికినా దొరకలేదు. ఆ నాలుగు వరసల్లోనూ తెలియదు అని రాశాడు. బాగానే ఉండి ఉంటారు, వేసెయ్యవయ్యా అని ఒక ఆఫీసు మనిషి అన్నాడట. వేయలేదు. చివరి యాభై మందిని మొదటినుంచీ కొత్త ప్రశ్నలతోనే అడిగారు.

అన్నీ అయ్యాక, తాళం వేసి ఉంచిన కవర్ల జాబితా బయటికి తీసి, రిజిస్టరు పక్కన పెట్టి చూశారు. ఏం తేలిందో రోగులకే ముందు చెప్పాలని చిన్న డాక్టరమ్మ పట్టుబట్టింది. ఒక ఆదివారం పొద్దున ఆసుపత్రి భోజనాల హాలులో బల్లలు పక్కకి నెట్టి కుర్చీలు వేశారు. నూట ముప్పై మంది పైనే వచ్చారు. నేను రెండో వరసలో కూర్చుని వెనక్కి తిరిగి చూశాను. కర్రలు పట్టుకున్నవాళ్లు, పిల్లల్ని చంకనేసుకున్నవాళ్లు, లావుపాటివాళ్లు, పుల్లల్లాంటివాళ్లు. ఒకరికొకరు తెలియదు. అందరికీ బట్టల కింద ఒకే చోట ఒకే గీత. ఒక రిజిస్టరు లేచి వచ్చి కుర్చీల్లో కూర్చున్నట్టుంది.

గోడవారగా నించున్నవాళ్లని కూర్చోబెట్టడానికి ఎవరో మైకు మా అల్లుడి చేతిలో పెట్టారు. అతను గొంతు సవరించుకున్నాడు.

"నమస్కారమండీ. వెనక వరసలో కుర్చీలు ఖాళీగా ఉన్నాయి, దయచేసి కూర్చోండి."

సగంమంది అతని మొహం ఎప్పుడూ చూసింది లేదు, చూసినవాళ్లు కూడా ఎక్కువగా వీపే చూశారు. గొంతు మాత్రం అందరికీ తెలుసు. కుట్టుమిషను ఆమె లేచి నిలబడింది. ఆయనే అంది, పక్కనున్న ఎవరో తెలియని ఆవిడతో. ఆమె వెనక ఇంకొకరు లేచారు. కూర్చోండి అని చెబితే ఒక్కొక్కరే లేచి నిలబడుతుంటే, మైకు పట్టుకుని అతను తెల్లబోయి చూస్తున్నాడు. ఈ మనిషినా నేను నలుగురిలో చెప్పుకోవడానికి సిగ్గుపడింది అనుకున్నాను.

పెద్ద డాక్టరు వచ్చాక అందరూ కూర్చున్నారు. ఆయన కాగితం చూడకుండానే మాట్లాడాడు. లోపలి కుట్టు కారడం గొట్టం ఉన్నవాళ్లలో ఎనిమిది మందికి, లేనివాళ్లలో తొమ్మిది మందికి జరిగింది, దాంట్లో తేడా లేదన్నాడు. గాయం చెడింది మాత్రం గొట్టం ఉన్నవాళ్లలో ముప్పై ఆరుగురికి, లేనివాళ్లలో పదిహేను మందికి. ముందు తప్పు లెక్కలో ఈ రెండూ కలిపినా ఇరవై దాటలేదు. ఇది మన ఒక్క ఆసుపత్రి లెక్కే, మిగతాచోట్ల కూడా చూడాలని చిన్న డాక్టరమ్మ పక్కనుంచి గుర్తు చేసింది. ఆయన తలూపి, ముప్పై ఒక్క ఏళ్లు మేలు చేస్తున్నాననుకుని పెట్టాను, ఆ మేలేదీ ఈ లెక్కలో నాకు కనబడలేదు అన్నాడు. పెద్ద పెద్దవాళ్లు చిన్న తప్పు ఒప్పుకోవడమే నేను చూడలేదు. ఈయన ముప్పై ఒక్క ఏళ్లని మా ముందు పెట్టి నిలబడ్డాడు.

అప్పుడు తాళాల ఆయన చెయ్యెత్తాడు.

"అయితే డాక్టరుగారూ, నాకు పెట్టింది వృథాయేనా?"

పెద్ద డాక్టరు ఆయన్నే చూస్తూ, వృథాయే అన్నాడు. నీకు దానివల్ల ఒరిగిందేమీ లేదు, నలభై రోజుల బాధ తప్ప. నీకు పెట్టి నీ పక్క మంచం మనిషికి పెట్టకపోతే గానీ, ఆ బాధ నువ్వు దాచకుండా చెబితే గానీ, నాకీ సంగతి చచ్చేదాకా తెలిసేది కాదు అన్నాడు.

తాళాల ఆయన కూర్చోలేదు.

"మరి రేపు వచ్చేవాళ్లకి?"

"రేపు పొద్దున ఇద్దరికి ఆపరేషన్ ఉంది. పెట్టను."

"వాళ్లకి కూడా ముప్పయ్యో రోజున ఫోను వస్తుందా? పెట్టకపోతే ఏమవుతుందో కూడా చూడాలిగా మరి."

పెద్ద డాక్టరు గోడవారగా ఉన్న మా అల్లుడి వైపు తిరిగాడు. ఆయనతోపాటు హాలంతా తిరిగింది.

"వస్తుందండీ," అన్నాడు మా అల్లుడు. మైకు లేదు. అయినా చివరి వరసదాకా వినిపించింది.